కుప్ప మీదుగా చేనుకు

చలికాలం పొద్దున్నే పెంటకుప్పను పారతో తిరగేస్తే లోపల్నించి గుప్పుమని ఆవిరి లేస్తుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అక్కడ పొయ్యీ లేదు, నిప్పూ లేదు. పేడనూ గడ్డినీ తింటూ బతికే కోటానుకోట్ల సూక్ష్మజీవుల ఒంటి వేడి అది. పద్ధతిగా పేర్చిన కుప్ప నడిమధ్యన కొద్ది రోజుల్లోనే ఉష్ణోగ్రత 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. పేడలో కలిసి వచ్చిన కలుపు విత్తనాలూ, రోగాలు తెచ్చే క్రిములూ చాలావరకు చచ్చేది ఈ వేడికే.

కంటికి కనిపించేది నీటి ఆవిరి. దాని చాటున కనిపించకుండా నాలుగు వాయువులు బయటికి పోతుంటాయి: కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, అమ్మోనియా. ఈ నాలుగింటి లెక్కా ఒకటి కాదు.

అన్నిటికంటే ఎక్కువగా పోయేది కార్బన్ డయాక్సైడే. అయినా దానికి మనం పెద్దగా బెంగపడక్కర్లేదు. నిరుడు పెరిగిన గడ్డి గాలిలోంచి తీసుకున్న కర్బనమే ఇప్పుడు మళ్లీ గాలికి చేరుతోంది. భూమి పొరల్లోంచి తవ్వి తీసిన బొగ్గునో పెట్రోలునో మండించినట్టు కొత్త కర్బనం వచ్చి కలవడం లేదు. మీథేన్ సంగతి వేరు. అదే కర్బనం మీథేన్ రూపంలో పోతే, కిలోకు కిలో చొప్పున, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మీథేన్ గాలిలో ఉండేది పన్నెండేళ్లే కాబట్టి, ఇరవయ్యేళ్ల లెక్క వేస్తే అది దాదాపు 80 రెట్లు. నైట్రస్ ఆక్సైడ్ ఇంకా గట్టిది: 273 రెట్లు. ఒకసారి గాలిలో కలిస్తే వందేళ్లకు పైగా పోదు.

గొడ్ల పాకలో, కోళ్ల షెడ్డులో ముక్కు అదిరేలా ఘాటు కొట్టేది అమ్మోనియా. ఇది నేరుగా హరితగృహ వాయువు కాదు. కానీ గాలిలో కొంతదూరం పోయి నేల మీదో నీళ్ల మీదో దిగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్లో కొంత భాగాన్ని నైట్రస్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. వాతావరణ మార్పుల మీద పనిచేసే అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ దీన్ని నూటికి ఒక వంతుగా లెక్క కడుతుంది.

ఈ అంకెలు ఒక రైతు కుప్పకు ఎలా వర్తిస్తాయో చూద్దాం. పది టన్నుల పచ్చి పెంట ఉన్న కుప్పలో 50 కిలోల నత్రజని ఉందనుకుందాం. అందులో నూటికి ఒక వంతు, అంటే అరకిలో నత్రజని, నైట్రస్ ఆక్సైడ్‌గా మారిందనుకుందాం. అది సుమారు 0.8 కిలోల నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. దాన్ని 273తో హెచ్చవేస్తే దాదాపు 215 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. స్కూటరులో 90 లీటర్లకు పైగా పెట్రోలు కాలిస్తే వెలువడేది అంతే. రైతుకేమో ఆ అరకిలో పోయినట్టే తెలియదు. ఇప్పుడు అమ్మోనియా వైపు చూడండి. పశువుల ఎరువు మాగేటప్పుడు నత్రజనిలో 20 నుంచి 50 శాతం దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, ఎగిరిపోతుంది. ఈ కుప్పలో 40 శాతం అనుకుంటే 20 కిలోలు. ఒక యూరియా బస్తాలో ఉండే నత్రజని ఇంచుమించు అంతే. రైతుకు పెద్ద నష్టం అమ్మోనియాతో, ఆకాశానికి పెద్ద నష్టం మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లతో. పోయేది మాత్రం అంతా ఒకే కుప్పలోంచి.

కుప్పను నిలువునా కోస్తే

నెల రోజుల కుప్పను పలుగుతో నిలువునా చీల్చి చూస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది. పైపొర ఎండి, గరుగ్గా, గడ్డిపోచలు విడివిడిగా ఉంటుంది. జానెడు లోపలికి వెళ్తే తెల్లటి బూజు దారాలు అల్లుకున్న పొర. వేడి ఎక్కువగా ఉండేది అక్కడినుంచే. ఇంకా లోపలికి, అడుక్కి పోయేకొద్దీ పెంట నల్లగా, జిగటగా, తడితడిగా ఉంటుంది. మురుగు వాసన వేస్తుంది. ఈ మూడు పొరల్లో మూడు రకాల జీవులు కాపురం ఉంటాయి.

గాలి ఆడే చోట ఆక్సిజన్ పీల్చే సూక్ష్మజీవులు పనిచేస్తాయి. ఇవి వేగంగా తింటాయి, బాగా వేడి పుట్టిస్తాయి, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. గాలి చొరని అడుగు పొరలో వీటికి ఊపిరాడదు. అక్కడ ఆర్కియా అనే అతి పురాతన సూక్ష్మజీవుల రాజ్యం. ఆక్సిజన్ అంటేనే వీటికి గిట్టదు. కర్బనాన్ని మీథేన్‌గా మార్చి శక్తి సంపాదించుకుంటాయి. ఆవు పొట్టలో మీథేన్ పుట్టించేవీ, చెరువు అడుగు బురదలో బుడగలు లేపేవీ వీటి చుట్టాలే. అడుగున పుట్టిన మీథేన్ అంతా బయటపడదు. పైపొరలోకి వచ్చేసరికి దాన్నే ఆహారంగా తినే మరో జాతి బ్యాక్టీరియా కాచుకుని ఉంటుంది. కుప్ప బయటికి వదిలే మీథేన్ ఎంత అన్నది అడుగున పుట్టిన దానికీ, పైన తినేసిన దానికీ మధ్య తేడా.

నత్రజని కథ ఇంకాస్త మెలికలు తిరిగి ఉంటుంది. పశువు బయటికి పంపే నత్రజనిలో దాదాపు సగం మూత్రంలో, యూరియా రూపంలో ఉంటుంది. పేడలోని ఒక ఎంజైము సోకగానే, గంటల వ్యవధిలోనే, ఆ యూరియా అమ్మోనియాగా విరిగిపోవడం మొదలవుతుంది. కుప్ప వేడెక్కి, క్షారగుణం పెరిగేకొద్దీ అమ్మోనియా తేలిగ్గా గాలిలోకి లేస్తుంది. అందుకే మొదటి రెండు మూడు వారాల్లోనే ఘాటు ఎక్కువ. కుప్ప చల్లబడ్డాక మిగిలిన అమ్మోనియాను కొన్ని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. పాఠ్యపుస్తకాల్లో నత్రీకరణం అని చదువుకున్నది ఇదే. గాలి తక్కువున్న తడి గూళ్లలో ఇంకొన్ని బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను మెట్టు మెట్టుగా విడగొట్టి, చివరికి మామూలు నైట్రోజన్ వాయువుగా గాలిలో కలుపుతాయి. అది వినత్రీకరణం. ఆ మెట్లలో చివరిదానికి ముందుది నైట్రస్ ఆక్సైడ్. ఆఖరి మెట్టు దాకా పని సాగితే వచ్చేది నిరపాయమైన నైట్రోజనే. ఆ మెట్టు దాటించే ఎంజైము మాత్రం బహు సుకుమారం. కాస్త ఆక్సిజన్ తగిలినా, కాస్త ఆమ్లగుణం పెరిగినా పని ఆపేస్తుంది. అప్పుడు నైట్రస్ ఆక్సైడ్ సగం దారిలోనే బయటపడుతుంది.

ఒక చిల్లు మూస్తే ఇంకో చిల్లు

కుప్పను శాస్త్రీయంగా పేర్చడం గురించి ప్రపంచమంతా చదివిన పాఠం మన దేశంలోనే పుట్టింది. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లోని మొక్కల పరిశోధన సంస్థలో పనిచేసిన ఆల్బర్ట్ హొవార్డ్, తన సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి రూపొందించిన పద్ధతికి ఇండోర్ పద్ధతి అని పేరు. పేడ, చెత్త, మూత్రంతో తడిసిన మట్టి, కట్టె బూడిద పొరలు పొరలుగా పేర్చి, మధ్యమధ్య కుప్పను తిరగేయాలి. మూడు నాలుగు నెలల్లో ఎరువు తయారు. 1939లో ఆచార్య అనే శాస్త్రవేత్త బెంగళూరు పద్ధతిని ముందుకు తెచ్చారు. గుంతలో చెత్తా పెంటా పొరలుగా వేసి, పైన మట్టితో మెత్తి వదిలేయడమే. తిరగేసే పని లేదు. ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది.

రెండింటిలో ఏది మంచిదని రైతును అడిగితే కూలి ఖర్చు చూసి చెబుతాడు. వాయువుల సంగతి అడిగితే జవాబు అంత తేలిక కాదు. తిరగేస్తే లోపలికి గాలి పోతుంది, మీథేన్ తగ్గుతుంది. కానీ తిరగేసిన ప్రతిసారీ లోపల మగ్గుతున్న అమ్మోనియా గుప్పున లేచిపోతుంది. గాలి దొరికినచోట నైట్రేట్ తయారై, తడి గూళ్లలో అది నైట్రస్ ఆక్సైడ్‌గా మారే అవకాశమూ పెరుగుతుంది. మట్టితో మెత్తితే అమ్మోనియా కట్టుబడుతుంది, కానీ గాలాడక మీథేన్ పుడుతుంది. కుప్ప మూడు చిల్లుల కుండ. ఒకదానికి వేలు అడ్డం పెడితే రెండోదాన్నుంచి ధార పెరుగుతుంది.

కర్బనానికీ నత్రజనికీ మధ్య పొత్తు సరిగ్గా కుదిరితే మూడూ కొంతమేర తగ్గుతాయి. ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కర్బనం ఉంటే సూక్ష్మజీవులు నత్రజనిని వదలకుండా ఒంటికి పట్టించుకుంటాయి. కోళ్ల ఎరువులో కర్బనం ఒక వంతు నత్రజనికి పది వంతులు కూడా ఉండదు. అందుకే అంత ఘాటు. వరిగడ్డో రంపపు పొట్టో కలిపితే పొత్తు కుదురుతుంది. అయితే గడ్డి కొద్ది వారాల్లోనే చివికి, మెత్తబడి, కుప్ప కుంగుతుంది. గాలి సందులు మూసుకుపోతాయి. చివకకుండా నిలిచే కర్బనం ఏదైనా కుప్పలో ఉంటే ఎలా ఉంటుందన్న ప్రశ్న దగ్గరే బొగ్గు రంగంలోకి వస్తుంది.

బొగ్గు ముక్క లోపల

బయోచార్ అంటే పంట కట్టెనో, కలపనో, ఊకనో గాలి సరిగా అందనీయకుండా 350 నుంచి 700 డిగ్రీల వేడిలో మాడ్చి చేసిన బొగ్గు. వంటచెరుకు బొగ్గుకూ దీనికీ పుట్టుక ఒకటే. ఇది పొయ్యిలోకి కాక మట్టిలోకి వెళ్తుంది. దీన్ని బూడిద అనుకోకూడదు. బూడిదలో కర్బనం కాలిపోయి ఖనిజాలు మాత్రమే మిగులుతాయి. బొగ్గులో కర్బనమే ప్రధానం.

ఒక పత్తికట్టె బొగ్గును విరిచి భూతద్దం కింద పెట్టి చూడండి. బతికున్నప్పుడు వేరు నుంచి ఆకు దాకా నీళ్లు మోసిన సన్నటి గొట్టాలు అలాగే, వరసగా, ఖాళీగా కనిపిస్తాయి. భూతద్దానికి అందని సూక్ష్మరంధ్రాలు వాటి గోడల నిండా ఉంటాయి. మంచి కలప బొగ్గు ఒక గ్రాములో ఈ లోపలి గోడలన్నీ పరిచి కొలిస్తే వందల చదరపు మీటర్లు వస్తుంది. ఈ ఒక్క లక్షణం వల్లే కుప్పలో నాలుగు పనులు జరుగుతాయి.

మొదటిది, గాలి. బొగ్గు గడ్డిలా చివకదు, మెత్తబడదు. కుప్ప కుంగినా దాని చుట్టూ సందులు ఉంటాయి. అడుగున నిలిచే చిత్తడిని కొంత పీల్చుకుంటుంది కూడా. ఆక్సిజన్ గిట్టని ఆర్కియాకు చోటు తగ్గుతుంది, మీథేన్‌ను తినే బ్యాక్టీరియాకు చోటు పెరుగుతుంది.

రెండోది, అమ్మోనియా పట్టు. తక్కువ వేడిలో, 350 నుంచి 450 డిగ్రీల మధ్య చేసిన బొగ్గు గోడల మీద ఆమ్లగుణం ఉన్న రసాయన సమూహాలు ఎక్కువగా మిగులుతాయి. క్షారమైన అమ్మోనియా వాటికి అతుక్కుంటుంది. అమెరికాలోని జార్జియాలో క్రిస్టఫ్ స్టైనర్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో కోళ్ల ఎరువుకు 20 శాతం పైన్ కలప బొగ్గు కలిపితే, బయటికొచ్చే గాలిలో అమ్మోనియా 64 శాతం దాకా తగ్గింది. మొత్తం నత్రజని నష్టం 52 శాతం దాకా తగ్గింది.

మూడోది, ఎలక్ట్రాన్ల బదిలీ. సూక్ష్మజీవుల శ్వాస అంటే చివరికి ఎలక్ట్రాన్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడమే. బొగ్గు వాటిని పుచ్చుకోగలదు, తిరిగి ఇవ్వగలదు. ఇందాక చెప్పిన సుకుమారపు ఎంజైముకు ఎలక్ట్రాన్లు సక్రమంగా అందితే, చుట్టూ ఆమ్లగుణం తగ్గితే, నైట్రస్ ఆక్సైడ్ సగం దారిలో ఆగకుండా నైట్రోజన్‌గా మారుతుంది. మట్టిలో చేసిన ప్రయోగాల నుంచి తేలిన వివరణ ఇది. కుప్పలోనూ ఇదే జరుగుతుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

నాలుగోది కుప్పలోంచి బయటికి వచ్చాక తెలుస్తుంది. నెలల తరబడి ఎరువులో నానిన బొగ్గు రంధ్రాల గోడలకు నత్రజని నిండిన సేంద్రియ పదార్థం పలచటి పూతలా పడుతుందని 2017లో నికోలస్ హాగెమన్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించింది. నీటినీ పోషకాలనూ ఒడిసిపట్టేది ఆ పూతే. అంతకు రెండేళ్ల ముందు జర్మనీలో క్లాడియా కమ్మన్ బృందం కినోవా మొక్కల మీద చేసిన ప్రయోగం ఇదే విషయాన్ని పంట వైపు నుంచి చూపింది. పచ్చి బొగ్గును నేరుగా మట్టిలో రెండు శాతం కలిపితే మొక్కల బరువు బొగ్గు కలపని వాటిలో 60 శాతానికి పడిపోయింది. అదే బొగ్గును ఎరువులో మాగబెట్టి వేస్తే 305 శాతానికి పెరిగింది. మాగిన బొగ్గు లోపల నైట్రేట్ దండిగా దాగి ఉంది. ఆకలిమీదున్న పచ్చి బొగ్గు మట్టిలోని నత్రజనిని తనే పట్టుకుంటుంది. కుప్పలో మేసి వచ్చింది మొక్కకు పెడుతుంది. బయోచార్ వేశాం, లాభం రాలేదు అని చెప్పే రైతుల్లో చాలామంది దాన్ని నేరుగా చేలో చల్లినవారే కావచ్చు.

కాలిఫోర్నియా లోయలో

మీథేన్ మాటకొస్తే ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునే ప్రయోగం అమెరికాలోని కాలిఫోర్నియాది. అమెరికాలో పాల ఉత్పత్తిలో మొదటి రాష్ట్రం అది. దాదాపు 17 లక్షల పాడి ఆవులు ఉంటే అత్యధికం శాన్ వాకిన్ లోయలోనే ఉన్నాయి. ఒక్కో డెయిరీలో వేల ఆవులు. షెడ్డు నేల మీది పేడను నీళ్లతో కడిగి పెద్ద పెద్ద మడుగుల్లోకి వదులుతారు. గాలాడని ఆ మడుగు మీథేన్‌కు పుట్టిల్లు. ఐపీసీసీ లెక్క ప్రకారం పేడ నుంచి పుట్టగల గరిష్ఠ మీథేన్‌లో, వాతావరణాన్ని బట్టి, 66 నుంచి 80 శాతం దాకా ఇలాంటి మడుగుల్లో నిజంగానే పుడుతుంది. గట్టి పెంటను కుప్ప పోస్తే అది 2 నుంచి 5 శాతమే.

పశువుల నుంచి వచ్చే మీథేన్‌ను 2030కల్లా 2013 నాటి స్థాయి కంటే 40 శాతం తగ్గించాలని ఆ రాష్ట్రం 2016లో చట్టం చేసింది. డబ్బు ఎక్కువగా మడుగుల మీద మూతలు వేసి గ్యాసు పట్టే ప్లాంట్ల వైపు వెళ్లింది. వడగట్టి పక్కన కుప్ప పోసే గట్టి పెంటను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. మెర్సిడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూసింది ఆ కుప్పల వైపు. కలప బొగ్గు కలిపిన కుప్ప, కలపని కుప్ప కంటే 79 శాతం తక్కువ మీథేన్ వదిలిందని 2022లో ప్రచురించారు. ఆ తర్వాత బొగ్గు తయారీ నుంచి చేలో వేసేదాకా మొత్తం జమాఖర్చు వేశారు. టన్ను పెంటను ఊరికే కుప్ప పోసి వదిలేస్తే 102 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన భారం. కంపోస్టు చేస్తే భారం పోయి 194 కిలోల మేలు. బొగ్గుతో కలిపి కంపోస్టు చేస్తే 535 కిలోల మేలు. ప్రపంచమంతటా పాడి పశువుల పెంటకు ఇలా చేయగలిగితే ఏడాదికి 15.9 లక్షల టన్నుల మీథేన్ ఆగుతుందని వారి అంచనా.

బొగ్గుకు ముడిసరుకు కూడా ఆ లోయలోనే ఉంది. ప్రపంచంలో బాదం పప్పులో దాదాపు 80 శాతం కాలిఫోర్నియాలో పండుతుంది. ముసలి తోటలు కొట్టేసినప్పుడు వచ్చే కలపను ఏళ్ల తరబడి పొలంలోనే తగలబెట్టేవారు. 2025 నుంచి ఆ లోయలో అలా తగలబెట్టడాన్ని దాదాపు పూర్తిగా ఆపేశారు. కలపను ఏం చేయాలన్న ప్రశ్నా, పెంటను ఏం చేయాలన్న ప్రశ్నా ఒకే లోయలో ఎదురుపడ్డాయి.

అన్ని బొగ్గులూ ఒకటి కావు

బొగ్గు కలిపిన ప్రతి కుప్పలోనూ ఇంత ఫలితం రాలేదు. తేడాకు కారణాలు తెలిసినవే. ఎక్కువ వేడిలో చేసిన బొగ్గుకు క్షారగుణం ఎక్కువగా ఉంటుంది. దాన్ని తడిపెంటలో ఎక్కువ మోతాదులో కలిపితే అమ్మోనియా తగ్గకపోగా పెరగనూవచ్చు. అమ్మోనియా పట్టుకు తక్కువ వేడి బొగ్గు మేలు. మట్టిలో ఎక్కువకాలం నిలవాలంటే ఎక్కువ వేడి బొగ్గు మేలు. 600 డిగ్రీలు దాటిన వేడిలో చేసిన బొగ్గులో వందేళ్ల తర్వాతా 89 శాతం కర్బనం మిగులుతుందనీ, 450 నుంచి 600 మధ్యదైతే 80 శాతం, అంతకంటే తక్కువదైతే 65 శాతం మిగులుతుందనీ ఐపీసీసీ లెక్క.

రైసు మిల్లు బాయిలర్ నుంచి వచ్చే నల్లటి ఊక బూడిదను బయోచార్ అని అమ్మేవారున్నారు. అందులో బొగ్గు కొంత ఉంటే ఉండవచ్చు, ఎక్కువ భాగం సిలికా. దాన్ని పెంటలో దండిగా కలిపితే క్షారం పెరిగి అమ్మోనియాను తరిమేసినట్టే. మంచి బొగ్గును వేళ్ల మధ్య నలిపి చెయ్యి కడుక్కుంటే నలుపు నీళ్లతోనే పోతుంది. జిడ్డుగా అంటుకుని సబ్బు లేనిదే వదలకపోతే సరిగా కాలలేదని, తారు మిగిలిందని అర్థం.

అన్నిటికంటే ముఖ్యం బట్టీ. మట్టి కప్పి రోజుల తరబడి పొగబెట్టే పాతకాలపు బొగ్గుబట్టీ నుంచి మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, నుసి విపరీతంగా వస్తాయి. కుప్పలో ఆపిన మీథేన్‌ను బట్టీలోంచి వదిలితే చేసిన పనంతా వృథా. పైన మంట ఆరకుండా చూసుకుంటూ, కింద కట్టె మాడేలా చేసే శంకువు ఆకారపు గుంతలూ తొట్లూ ఇందుకు మెరుగు. కట్టె నుంచి లేచే వాయువులు పైమంటలోనే కాలిపోతాయి. ఇవి పనిచేయాలంటే కట్టె బాగా ఎండి ఉండాలి. పచ్చికట్టె వేస్తే ఎంత మంచి బట్టీ అయినా పొగబట్టీయే.

మన కుప్పల లెక్క

2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 19 కోట్ల ఆవులూ ఎద్దులూ, 11 కోట్ల గేదెలూ ఉన్నాయి. మన పెంట ఎక్కువగా మడుగుల్లోకి పోదు. కుప్పగానో, పిడకగానో ఉంటుంది. కాబట్టి కాలిఫోర్నియాలో మీథేన్ దగ్గర కనిపించినంత లాభం మన ఊరి కుప్ప దగ్గర ఆశించకూడదు. మన కుప్పలు ఎండకు ఎండి, వానకు నాని ఎక్కువగా పోగొట్టుకునేది నత్రజనిని. గోబర్ గ్యాసు ఉన్న ఇంట్లో ముందు మీథేన్‌ను పొయ్యికి వాడుకుని, మిగిలిన స్లర్రీని గడ్డితో, బొగ్గుతో మాగబెట్టడం ఇంకా తెలివైన పని. కోళ్ల షెడ్ల మాట వేరు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. తెలంగాణ కూడా ముందు వరసలోనే ఉంది. ఆ షెడ్ల కింద పోగయ్యే ఎరువులో నత్రజనీ ఎక్కువే, నష్టమూ ఎక్కువే. బొగ్గు ముందుగా పనికొచ్చేది అక్కడ.

ముడిసరుకు మనకు కొత్తగా వెతకక్కర్లేదు. తెలంగాణలో పత్తి తీసేశాక ఎకరాకు టన్ను దాకా కట్టె మిగులుతుంది. చాలాచోట్ల దాన్ని చేలోనే తగలబెడతారు. కంది కట్టె, ఆముదం కట్టె, మొక్కజొన్న దంట్లు సరేసరి. నెల్లూరు, ప్రకాశం వైపు సర్కారు తుమ్మ ఎంత కొట్టినా తరగదు. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, రైతులు క్రీడా అని పిలిచేది, ఇలాంటి కట్టెలతో బొగ్గు చేసుకోవడానికి పాత నూనె డ్రమ్ముతో చవకైన బట్టీని రూపొందించింది.

ఇందాకటి పది టన్నుల కుప్పకే మళ్లీ లెక్క వేద్దాం. పచ్చి పెంటలో నూటికి 80 వంతులు నీరే. ఎండు బరువు రెండు టన్నులు. దానికి పదో వంతు బొగ్గు అంటే 200 కిలోలు. అందుకు 700, 800 కిలోల ఎండు కట్టె కావాలి. ఎకరం పత్తికట్టె సరిపోతుంది. బొగ్గు వల్ల ఆ 20 కిలోల నత్రజని నష్టంలో సగం ఆగిందనుకుంటే మిగిలేది పది కిలోలు, అంటే అర బస్తా యూరియా. 45 కిలోల బస్తా రైతుకు దొరికేది 266 రూపాయల 50 పైసలకు. అంటే మిగులు 130 రూపాయల పైచిలుకు. కట్టె కొట్టి, ఆరబెట్టి, బట్టీ పెట్టిన ఒక్క రోజు కూలికీ అది చాలదు. యూరియా ధరలో పెద్ద భాగం ప్రభుత్వం భరిస్తోంది కాబట్టి, నత్రజని నష్టం నిజంగా ఎంత ఖరీదైనదో రైతు జేబుకు తెలియదు.

అదే 200 కిలోల బొగ్గును ఇంకోవైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. అందులో మూడొంతులకు పైగా కర్బనం ఉండి, దానిలో 80 శాతం వందేళ్లు నిలుస్తుందనుకుంటే సుమారు 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ భూమిలో బందీ అయినట్టు. కార్బన్ మార్కెట్లో బయోచార్‌కు టన్ను కార్బన్ డయాక్సైడ్ మీద వంద డాలర్ల పైచిలుకు ధర పలుకుతోంది. 2025 జనవరిలో గూగుల్ సంస్థ భారతదేశానికి చెందిన వరాహ కంపెనీ దగ్గర 2030కల్లా లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సరిపడా బయోచార్ క్రెడిట్లు కొనేందుకు ఒప్పందం చేసుకుంది. ఆ బొగ్గుకు ముడిసరుకు గుజరాత్‌లో పెరిగే సర్కారు తుమ్మ. ఈ మార్కెట్ డబ్బు కట్టేది బొగ్గులో నిలిచిన కర్బనానికి. కుప్పలో ఆగిన మీథేన్‌కూ, అమ్మోనియాకూ కాదు. వాటిని ప్రతి కుప్ప దగ్గరా కొలవడం కష్టం కాబట్టి అవి లెక్కలోకే రావు.

కాబట్టి బొగ్గును ఒక్క పనికే వాడితే దండగ, పాకలో, కుప్పలో, చేలో మూడు పనులకూ వాడితే లాభం. ఎలాగూ చేలోకి వెళ్లాల్సిన బొగ్గును దారిలో పాక మీదుగా, కుప్ప మీదుగా పంపాలి. ముందు పాకలో పశువుల కింద గడ్డితో కలిపి పరిస్తే మూత్రం దానికే పడుతుంది. అమ్మోనియా పుట్టేది అక్కడే కాబట్టి పట్టుకోవాల్సిందీ అక్కడే. ఆ తడి పక్కను పేడతోపాటు ఎత్తి కుప్పలో వేస్తే బొగ్గు తనంత తానే అంతటా కలిసిపోతుంది. కుప్ప తడి చూడాలంటే గుప్పెడు తీసి గట్టిగా పిండాలి: ముద్ద కట్టాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. వాన తగలకుండా పైన కప్పు ఉండాలి. బొగ్గును ఎప్పుడూ నీళ్లతో బాగా తడిపి, పూర్తిగా చల్లారిందో లేదో చూసుకునే వాడాలి. ఆరినట్టు కనిపించే బొగ్గు లోపల నిప్పు దాగి ఉంటుంది, ఎండు బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఇందులో రైతు ఒక్కడి మీద వేయకూడని ఖర్చు బట్టీదీ, కట్టె చేరవేతదీ. ట్రాక్టరూ, కోతమిషనూ అద్దెకిచ్చే కేంద్రాల్లోనే పొగలేని బట్టీని కూడా ఉంచి, పత్తికట్టె తగలబడే సీజనులో ఊరూరా తిప్పితే, ఎకరం కట్టె ఒక కుప్పకు బొగ్గవుతుంది. కోళ్ల షెడ్ల యజమానులకు కూలీల కళ్లు మండించే ఘాటు తగ్గడమే తక్షణ లాభం. వారు బొగ్గు కొనగలరు కూడా. కొత్త పద్ధతి పల్లెలోకి రావాలంటే మొదట అడుగు పెట్టాల్సిన చోటు అదే. అక్కడ కోళ్ల ఎరువుతో మాగిన బొగ్గే, ఎరువు కొనే రైతు బండెక్కి, ఎవరూ వాతావరణం గురించి ఉపన్యాసం చెప్పకుండానే చేనుకు చేరుతుంది.